వెలిగే అంకెల గడియారం: ఖర్చు దేనికి?

నెల్లిమర్లలో జూట్ మిల్లుకు దగ్గరలో ఉండే ఒక కుటుంబం మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది. కొత్త ఇంటి హాలులో, గాజు గొట్టాలలో అంకెలు వెలిగే పాతకాలపు తీరు గడియారం పెట్టాలని పిల్లలు పట్టుబడుతున్నారట. దానికి ఎంతవరకు ఖర్చు చేయవచ్చు?

ముందుగా ఆ వస్తువేమిటో చూద్దాం. దానిని నిక్సీ గొట్టం అంటారు. అమెరికాలోని బరోస్ సంస్థ 1955లో దానిని మార్కెట్టులోకి తెచ్చింది. గొట్టంలో నియాన్ వాయువు నింపి, సున్నా నుండి తొమ్మిది వరకు పలుచని లోహపు అంకెలను ఒకదాని వెనుక ఒకటిగా అమరుస్తారు. ఏ అంకెకు కరెంటు అందితే దాని చుట్టూ ఉన్న వాయువు నారింజ రంగున వెలుగుతుంది. అంకె మారినప్పుడు వెలుగు కాస్త ముందుకో వెనక్కో జరిగినట్లు అనిపించేది అందుకే. చూపును కట్టిపడేసేదీ అదే. ఎల్‌ఈడీల రాకతో వీటి గిరాకీ పడిపోయినా, సోవియట్ కర్మాగారాలు చాలాకాలం వీటిని తయారుచేస్తూనే వచ్చాయి. నేటి గడియారాలలో తరచుగా కనిపించే ఐఎన్-12, ఐఎన్-14 గొట్టాలు ఆనాటి మిగులు సరుకే.

ఇక ధర సంగతి. నాలుగైదు వేలకు దొరికేవి సాధారణంగా అసలైనవి కావు. గాజు వెనుక చిన్న రంగుల తెర పెట్టి అంకె బొమ్మను చూపుతాయి. ఆ మాట పెట్టెపై రాసి ఉంటే అది మోసమని మేము అనము. అసలైన గొట్టంలో అయితే వెలగని అంకెలు కూడా పక్కనుండి చూస్తే కనిపిస్తాయి. నాలుగు గొట్టాల అసలు గడియారానికి పది వేలు దాటి లెక్క వేసుకోవాలి; విదేశం నుండి తెప్పిస్తే సుంకం, రవాణా అదనం. సెకన్ల కోసం ఆరు గొట్టాల దానికి పోవడం మాకు దుబారాగానే తోస్తుంది. ఆ డబ్బులో కొంత పెట్టి ఒక విడి గొట్టం కొని దాచుకోవడం మేలు. వడ్డీ వాయిదాలపై అలంకార వస్తువు తెచ్చుకోవడం గురించి మా పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు. ఈ గొట్టాలకు సుమారు 170 వోల్టులు కావాలి గనుక, పసిపిల్లలున్న ఇంటికి పూర్తిగా మూసిన పెట్టె ఉన్నదే తీసుకోవాలి.

అందం కోసమే కొన్నా, రేపు రమజాన్‌లో ఇంటిల్లిపాదీ చూసేది ఆ గడియారం వైపే. కనుక గొట్టాల కన్నా ముందు లోపలి కాలమాపకం గురించి అడగండి. సాధారణ క్వార్ట్జ్ స్ఫటికం నెలకు దాదాపు నిమిషం తప్పవచ్చు. డీఎస్3231 అనే చిప్ ఉన్నది ఏడాదికి సుమారు ఒక నిమిషమే తప్పుతుంది. వేడిమి మార్పులను అది తానే సరిదిద్దుకుంటుంది. కరెంటు పోయినా వేళ చెడకుండా నాణెం బ్యాటరీ ఉండాలి. ఇషా తరువాత ఆరి ఫజ్ర్‌కు ముందు వెలిగే ఏర్పాటు, అప్పుడప్పుడు అన్ని అంకెలనూ తిప్పే ఏర్పాటు ఉంటే గొట్టాలు ఎక్కువకాలం మన్నుతాయి. ఎప్పుడూ వెలగని అంకెలపై పొర పేరుకొని మసకబారుతాయి మరి.

గడియారం సరిగా నడిచినా, చేతిలో ఉన్న పట్టిక వేరే ఊరిదైతే ఫలితం లేదు. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. నెల్లిమర్ల దానికి కొంచెం తూర్పున, హైదరాబాదు బాగా పడమరన ఉన్నాయి. నెల్లిమర్లలో సూర్యుడు హైదరాబాదు కన్నా దాదాపు 20 నిమిషాలు ముందు నడినెత్తికి వస్తాడు. హైదరాబాదు పట్టిక చూసి సహరీ చేస్తే ఇక్కడ ఫజ్ర్ వేళ అప్పటికే ప్రవేశించి ఉంటుంది. ఇఫ్తార్ అనవసరంగా ఆలస్యమవుతుంది. అజాన్ గడియారమో, ఫోనులోని యాపో ఊరు ఎంచుకోమన్నప్పుడు నెల్లిమర్ల కనిపించకపోతే విశాఖపట్నం పెట్టుకోండి. తేడా స్వల్పమే.