సీసా మీది ఆకు

గుడివాడ నుండి కైకలూరునకు పోవు త్రోవలో ముదినేపల్లి యను ఊరు కలదు. చుట్టును వరిచేలును, చేపల చెరువులును గల ఈ ప్రాంతమున భోగినాటి తెల్లవారుజామున తలంటి పోసికొనుట తరతరముల ఆచారము. ముందటి రాత్రియే మామ్మ కుంకుడుకాయలను రాతిపై కొట్టి, గింజలు తీసివేసి, పెచ్చులను వేడినీళ్లలో నానవేయును. తెల్లవారుజామున పిల్లల మాడునకు నువ్వులనూనె పెట్టి, ఒడలికి నలుగు పెట్టి, సున్నిపిండితో రుద్ది, కుంకుడు రసము తలపై పోయును. అప్పుడు పిల్లలు పెట్టు గోల వీథి చివరకు వినబడును. "కళ్లు మూసుకోవే!" అని ఆమె ఎంత చెప్పినను ఒక చుక్క కంటిలో పడక మానదు.

అట్టి మామ్మ మనుమరాలి స్నానపుగదిలో నేడు కుంకుడుకాయలు లేవు. అద్దము క్రింది పలకపై నాలుగైదు సీసాలును, రెండు గొట్టములును వరుసగా నిలిచియుండును. ఒకదానిపై వేపరెమ్మ, ఒకదానిపై మందారపువ్వు, మరియొకదానిపై పసుపుకొమ్ము అచ్చువేయబడియుండును. 'హెర్బల్', 'నాచురల్', 'ఆర్గానిక్' అను మాటలలో ఏదో యొకటి లేని సీసా అరుదు. ఆ మాట గల వస్తువునకు వెల హెచ్చు. ఆ హెచ్చును మనుమరాలు సంతోషముతోనే చెల్లించును. ఏలయన, మామ్మ నడచిన త్రోవకే తాను మరలి వచ్చితినని ఆమె నమ్మకము. నమ్మకము మంచిదే. కాని మామ్మకు తన గిన్నెలో ఏమున్నదో తెలియును. మనుమరాలికి తన సీసాలో ఏమున్నదో తెలియదు. ఇచట ఆలోచింపవలసినది ఈ భేదమును గూర్చియే. ఒంటికి రాచుకొను వస్తువు చెట్టునుండి వచ్చినదా, కర్మాగారమునుండి వచ్చినదా అను ప్రశ్న కంటె, అందేమున్నది, ఎవరు చేసిరి, ఎప్పుడు చేసిరి అను ప్రశ్నలు ముఖ్యములు.

సీసా మీది ఆకు బొమ్మ లోపలి ఆకునకు సాక్ష్యము కాదు. సాక్ష్యము వెనుకవైపున, చీమతలలవంటి అక్షరములలో నుండును. మన దేశమున సౌందర్య సాధనములకు 1940వ సంవత్సరపు చట్టమొకటి కలదు. 2020లో వానికి ప్రత్యేకముగా నియమావళి వెలువడినది. తయారుచేసినవారి పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, ఎంతకాలము లోపల వాడవలెనో ఆ గడువు, చేర్చిన పదార్థముల పట్టిక — ఇవి పైన ముద్రింపవలెను. ఆ పట్టికకు ఒక క్రమము కలదు. నూటికి ఒక పాలు మించిన పదార్థములను ఎక్కువ మోతాదు గల దానితో ఆరంభించి తగ్గు వరుసలో వ్రాయవలెను. ఒక పాలును, అంతకు తక్కువయు ఉన్నవానిని చివర ఏ వరుసలోనైనను వ్రాయవచ్చును. ఈ ఒక్క సంగతి తెలిసిన ఎనిమిదవ తరగతి పిల్లవాడు తన యింటిలోని షాంపూ సీసాను తానే పరీక్షింపగలడు. తరచుగా మొదటి స్థానము నీటిది. పిదప సోడియం లారెత్ సల్ఫేట్ అను నురుగుమందు వచ్చును. అటుపిమ్మట మరికొన్ని నోరు తిరుగని పేరులు. ముందువైపు అరచేయంత ఉన్న వేప, వెనుకవైపు సువాసన ద్రవ్యమునకు సమీపమున, వరుస చివర, ఒదిగి కూర్చుండును. దీనిని మోసమనుటకు వీలులేదు. వేప ఉన్నది, ఉన్నట్లు వ్రాసియు ఉన్నది. వెనుకవైపు చదువనివారు తమంతట తామే మోసపోవుచున్నారు.

'ఆర్గానిక్' అను మాటను గూర్చియు ఒక పొరపాటు కలదు. సేంద్రియముగా పండించిన ఆహారమునకు 'జైవిక్ భారత్' అను గుర్తు ఉన్నది. అది తిండిపదార్థములకు ఏర్పడినది. బియ్యపు సంచిపై చూచిన గుర్తునకు గల అర్థమే ముఖలేపనము మీది ఆకుపచ్చ రంగునకును ఉండునని తలచుట సరికాదు.

ఇంతవరకు విన్నవారు, 'అట్లయిన సీసాలన్నియు పారవేసి, చెట్టునుండి కోసిన దానినే వాడుదము; చెట్టునుండి వచ్చినది కీడు చేయదు గదా!' అనవచ్చును. చేపల రైతులకు మాత్రము ఈ మాట చెప్పినచో నవ్వుదురు. చెరువులో పిల్లను వదలుటకు ముందు, అందు మిగిలియున్న పనికిరాని చేపలను చంపుటకు ఇప్పపిండి చల్లు పద్ధతి కలదు. ఇప్పగింజలనుండి నూనె తీయగా మిగిలిన చెక్కయే అది. అందలి సపోనిన్ అను పదార్థము చేపకు విషము. నీటిలో నురుగు పుట్టించు గుణము కూడ ఆ సపోనిన్‌దే. కుంకుడుకాయ యందును, సీకాయ యందును మురికిని వదలగొట్టునది ఆ జాతి పదార్థమే. తల శుభ్రపడుటయు, చేప చచ్చుటయు, పిల్లవాని కన్ను మండుటయు ఒకే గుణము వలన కలుగుచున్నవి. ప్రకృతి మందును వేరుగను, విషమును వేరుగను పొట్లములు కట్టి యుంచలేదు.

మామ్మ సున్నిపిండినే తీసికొందము. పెసలు, శనగలు, కొంచెము బియ్యము, పసుపు, కచ్చూరాలు, బావంచాలు — ఇంటింటికి కొలత మారినను సాధారణముగా చేర్చునవి ఇవియే. ఇందు బావంచాలు తేలిక వస్తువు కాదు. ఆ గింజలలో సోరలెన్ అను పదార్థము కలదు. అది చర్మముపై నుండగా ఎండ తగిలినచో చర్మము కందిపోవచ్చును, నల్లబడవచ్చును. ఆ గుణము చేతనే బొల్లి చికిత్సలో దానిని వాడుదురు. పూర్వపు స్త్రీలు సోరలెన్ పేరు వినలేదు గాని, బావంచాలను చిటికెడే వేయవలెనని ఎరుగుదురు. నేడు ఎవరో చెప్పగా విని, గుప్పెడు వేసి నూరి, ముఖమునకు పట్టించి ఎండలో కూర్చున్నవారికి ఆ ఎరుక లేదు. వంటకము మిగిలినది, కొలత పోయినది.

గోరింటాకు సంగతియు అట్టిదే. ఆషాఢమాసమున పెరటి గోరింటను కోసి రుబ్బి పెట్టుకొన్న చేయి పండుటకు రాత్రి పట్టును. పండిన రంగు ఎఱ్ఱన, లేక నారింజ వన్నె. అరగంటలో బొగ్గువలె నల్లగా పండునని చెప్పి అమ్ము కోనులో ఆకు కంటె వేరొకటి ఉన్నదని అనుమానింపవలెను. జుట్టు రంగులలో వాడు పీపీడీ అను రసాయనమును అట్టి నల్లగోరింటలో కలుపుట పలుదేశములలో బయటపడినది. దాని వలన కొందరి చేతులు బొబ్బలెక్కి, మచ్చలు మిగిలినవి. కాటుకను గూర్చి ఒక్క మాట చాలును: పసిపాప కంటికి ఇంటి కాటుకయైనను, అంగడి కాటుకయైనను వలదని వైద్యులు చెప్పుదురు.

పసుపు మాట కొంచెము వివరముగా చెప్పవలెను. కాళ్లకు, ముఖమునకు పసుపు రాచుకొనుట మన స్త్రీలకు నిత్యకృత్యము. కృష్ణ కావలియొడ్డున దుగ్గిరాలలో పేరుపొందిన పసుపు మార్కెటు ఉన్నది. పసుపునకు పచ్చదనమే వెల తెచ్చును గనుక, కంటి కింపుగా కనబడుటకు రంగు కలుపువారు బయలుదేరిరి. ఆ రంగులలో సీసము గల లెడ్ క్రోమేట్ మిక్కిలి హానికరము. బంగ్లాదేశములో గర్భిణుల రక్తమున సీసము ఎందుచేత హెచ్చుచున్నదో పరిశోధకులు వెదకికొనుచు పోగా, తుదకు అది వంటింటి పసుపుడబ్బాలో దొరకినది. 2019లో ఈ సంగతి ప్రకటింపబడిన పిదప ఆ ప్రభుత్వము దాడులు చేసి, జరిమానాలు విధించి, రెండేండ్లలో ఆ కల్తీని దాదాపు అంతరింపజేసినది. ఆ రంగును అక్కడ పొడిలో కాక, కొమ్ములకు మెరుగు పెట్టునప్పుడే పూయుచుండిరి. కావున 'కొమ్ములు కొని దంచుకొంటిమి, ఇక భయము లేదు' అనుకొనుటకును వీలులేదు. మెరయుచున్న కొమ్ము కంటె మట్టిరంగు కొమ్మే మేలు. చూపునకు అది బాగుండదు; అందుచేతనే దానికి రంగు పూసినవాడు లేడని చెప్పవచ్చును.

చెట్టుది మంచిది, యంత్రముది చెడ్డది అను విభజన ఎంత బలహీనమో మచిలీపట్నపు కలంకారీ కథ తెలుపును. పూర్వము ఈ తీరపు అద్దకములకు ఎఱుపు చిరివేరు అను మొక్క వేరునుండి వచ్చెడిది. ఆ ఎఱుపు కొరకు విదేశపు ఓడలు బందరు రేవునకు వచ్చినవి. 1869 ప్రాంతమున జర్మను రసాయనికులు ఆలిజరిన్ అను పదార్థమును ప్రయోగశాలలో తయారుచేసిరి. చిరివేరులోని ఎఱుపునకు కారణమైన పదార్థమును అదియే! వేరులోని అణువునకును, కర్మాగారములోని అణువునకును భేదము లేదు. భేదమంతయు వేరు త్రవ్వువారి బ్రతుకుతెరువునందును, కర్మాగారము విడుచు మురుగునందును కలదు. అవి చిన్న భేదములు కావు; కాని అవి చర్మమునకు సంబంధించినవి కావు. దేనికొరకు సహజమైన దానిని కోరుచున్నామో తెలిసికొని కోరుట మంచిది.

అంగడి వస్తువన్నంత మాత్రమున దూషింపవలసిన పనియు లేదు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిరి. అది ముఖసౌందర్యమునకు కాదు, తలనొప్పికి. అయినను తెలుగువాని యింట సీసాలో వచ్చిన మందు నమ్మకము సంపాదించుటకు అది మంచి ఉదాహరణము. చేసినవారెవరో జనులకు తెలియును. చెడినచో అడుగుటకు చోటు ఉండెను. ఇట్లే విశాఖపట్నము కేంద్రముగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన్యపు గిరిజనుల వద్ద కుంకుడుకాయలు, సీకాయ కొని అమ్ముచున్నది. డెల్టాలోని నల్లరేగడిలో కుంకుడుచెట్టు అరుదు. కావున ముదినేపల్లి మామ్మ వాడినదియు పెరటి వస్తువు కాదు, కొండనుండి వచ్చినదే. కాయను చూచినంతనే అది కాయయని తెలియును గనుక, దూరము ఆమెకు అడ్డు కాలేదు.

చేసినవారి జాడ తెలియనిచో ఏమగునో కేరళములో కనబడినది. 2021 మొదలు 2023 వరకు మలప్పురము ప్రాంతమున కొందరు మూత్రపిండముల వ్యాధితో ఆసుపత్రికి వచ్చిరి. వారిలో పలువురు మేనిని తెల్లబరచు క్రీములను వాడుచుండిరి. ఆ క్రీములను పరీక్షింపగా పాదరసము బయటపడినది. మన నియమముల ప్రకారము, కంటికి వాడునవి తప్ప తక్కిన సౌందర్య సాధనములలో, తెలియక చేరిన పాదరసమైనను పదిలక్షల పాళ్లకు ఒక పాలు మించరాదు. నల్లని మేనిని చూచి నవ్వు లోకము ఉన్నంతకాలము ఇట్టి క్రీములకు గిరాకి తగ్గదు. ఆ నవ్వులో బడిపిల్లల పాలు తక్కువ కాదు.

నీటి సంగతి కూడ చూడవలెను. కొల్లేటికిని, సముద్రమునకును చేరువనున్న ఈ గ్రామములలో నేల త్రవ్విన చాలచోట్ల ఉప్పునీరే పడును. త్రాగుటకు కాలువ నీటిని చెరువులలో నింపుకొందురు. ఎగువ ఊరివారు స్నానము చేసిన నీరు దిగువ ఊరివారి బిందెలోనికి వచ్చును. ముఖము రుద్దుకొను లేపనములలో సన్నని ప్లాస్టిక్ రేణువులు కలుపు అలవాటు ఉండగా, కడిగివేయు లేపనములలో దానిని అమెరికా దేశము 2015లో చట్టము చేసి నిషేధించినది. ఆ రేణువు చేయు పనిని బరక పెసరపిండియు చేయును. అది కాలువలో కలిసినను చేప తినిపోవును.

మామ్మ చేసిన పనిని మనుమరాలు యథాతథముగా చేయవలెననుట న్యాయము కాదు. తెల్లవారకమునుపే లేచి బస్సెక్కి గుడివాడకు ఉద్యోగమునకు పోవు స్త్రీకి కుంకుడుకాయలు కొట్టు తీరిక ఏది? కొట్టెడి పని ఇంటిలోని మగవారిది కాకూడదని ఏ శాస్త్రమును చెప్పలేదు గాని, వారు కొట్టుట ఎవరును చూడలేదు. కావున దినమునకు సబ్బును, సెలవునాడు కుంకుడును వాడుకొన్నను తప్పులేదు. సబ్బనగా నూనెయు, క్షారమును కలిసిన వస్తువే. నాలుగు దినుసులు గల సబ్బు నలువది దినుసులు గల సీసా కంటె తెలిసికొనుటకు సులభము. 'నిలవమందు లేదు' అని వ్రాసిన నీటి లేపనమును చూచి మాత్రము మురియరాదు. నీరున్నచోట సూక్ష్మజీవులు పెరుగును. వానిని ఆపుటకే ఆ మందు వేయుదురు. సున్నిపిండికి అది అక్కరలేకపోవుట పొడి వస్తువగుట చేతనే. ఆరబెట్టిన పెసలు, శనగలు మరలో ఆడించి, జల్లించి, మూత బిగువైన డబ్బాలో పోసినచో కొన్ని నెలలు నిలుచును. తడిచేయి పెట్టినచో ఉండకట్టును. వానకాలమున పురుగుపట్టినదా, దానిని పెరటిలో అరటి పాదున పోసి, మరల రెండు సోలల పెసలు ఎండబోయుదురు.