వీసా చదివి చెప్పే అధికారి కావాలి

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుండి గల్ఫ్ దేశాలకు వలస పోవడం కొత్త కాదు. 2017 నుండి పోస్టాఫీసులలోనూ పాస్‌పోర్టు సేవా కేంద్రాలు వెలిశాయి. సంతోషమే. కాని అసలు కష్టం పాస్‌పోర్టు వచ్చిన తర్వాతే మొదలవుతుంది. వీసా కాగితం అరబ్బీలోనో, ఇంగ్లీషులోనో ఉంటుంది. అది పనికి వెళ్లే వీసానా, చూసి రావడానికిచ్చే విజిట్ వీసానా అన్నది చాలా ఊళ్లలో ఏజెంటు చెప్పిందే వేదం. డబ్బు పుచ్చుకునేవాడే సలహాదారు అయితే ఇక చెప్పేదేముంది?

పదో తరగతి పాసు కానివారు గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే 1983 నాటి వలసల చట్టం ప్రకారం ఎమిగ్రేషన్ క్లియరెన్సు పొందాలి. లైసెన్సు గల ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై పన్ను మించి తీసుకోరాదు. క్లియరెన్సుతో వెళ్లినవారికి పది లక్షల ప్రమాద బీమా ఉంటుంది. విజిట్ వీసాపై వెళ్లి పనిచేస్తే ఈ రక్షణలేవీ ఉండవు. పట్టుబడితే అక్కడ జైలు, ఇక్కడ అప్పు. ఈ సంగతులు ఎందరు తల్లిదండ్రులకు తెలుసు?

కనుక పాస్‌పోర్టు, వీసా సమన్వయాధికారి ఒకరు నెలకొకరోజు ప్రతి మండల కార్యాలయంలో కూర్చోవాలి. కాగితాలు చదివి, ఏజెంటు లైసెన్సు సరిచూసి, మంచిచెడ్డలు తెలుగులో చెప్పాలి. ఇది పెద్ద ఖర్చు కాదు. గల్ఫ్‌లో చనిపోయినవారి శవపేటికను ఊరు చేర్చడానికి ప్రభుత్వం ఉచితంగా అంబులెన్సు ఇస్తున్నది. బ్రతికి ఉండగానే, ఎకరం అమ్మకముందే, కాగితం చూపించుకునే చోటు కల్పించడం అంతకంటె మేలు కాదా? అధికారులు ఆలోచించాలి.