ఎగ్జిక్యూటివ్ ఆర్డరంటే ఆర్డినెన్సు కాదండీ

2025 డిసెంబరు 11న ట్రంప్ గారు కృత్రిమ మేధ మీద ఒక ఎగ్జిక్యూటివ్ ఆర్డరు జారీ చేశారు. ఆ మర్నాటి నుంచీ మనవాళ్ళ వాట్సాప్ గుంపుల్లో ఒకటే మాట: "ఇంకేముంది, రాష్ట్రాల ఏఐ చట్టాలన్నీ హుష్ కాకి!" పాట్‌లక్కుల్లోనూ అదే పాట. అనేవాళ్ళేమీ నిన్న మొన్న విమానం దిగినవాళ్ళు కాదు. సిటిజన్‌షిప్పు పరీక్షకి ప్రశ్నలన్నీ కంఠతా పట్టి, చట్టాలు చేసేది ఎవరయ్యా అంటే "కాంగ్రెస్" అని ఠక్కున చెప్పి పాసైన మహానుభావులు.

వాళ్ళ మాటలకి నవ్వి ఊరుకునేవాణ్ణే. కానీ ఇదే మాట నా పనిలోకీ వచ్చింది. ఉద్యోగాల దరఖాస్తుల్ని వడపోసే సాఫ్ట్‌వేరు మీద పనిచేస్తున్నాం. నియామకాల్లో ఏఐ వాడితే ఆ సంగతి మనిషికి చెప్పాలనీ, దానివల్ల వివక్ష జరగకూడదనీ ఇలినాయ్ చేసిన చట్టం 2026 జనవరి 1 నుంచి అమలు. దానికోసం నోటీసు చూపించే తెర సగం కట్టాం. ఆర్డరొచ్చిన వారంలోనే క్లయింటు పెద్దమనిషి, "అది పక్కన పెట్టండి, ప్రెసిడెంటు కొట్టేశాడుగా" అన్నాడు. కొట్టేశాడా? ఏ అధికారంతో?

ఈ పొరపాటు మనకి ఎక్కడ పట్టుకుందో నాకు తెలుసు. మనం ఆర్డినెన్సుల దేశంలో పెరిగాం. భారత రాజ్యాంగం 123వ అధికరణం ప్రకారం, పార్లమెంటు సమావేశాల్లో లేనప్పుడు రాష్ట్రపతి ఆర్డినెన్సు ఇస్తే దానికి చట్టానికున్నంత బలమూ ఉంటుంది. సభలు మళ్ళీ మొదలయ్యాక ఆమోదించకపోతే ఆరు వారాల్లో చచ్చిపోతుంది, అది వేరే సంగతి. ఆ బొమ్మే మన బుర్రల్లో ఉండిపోయింది. అమెరికా రాజ్యాంగంలో అలాంటి వస్తువు లేదు. ఎగ్జిక్యూటివ్ ఆర్డరంటే అధ్యక్షుడు తన కింద పనిచేసేవాళ్ళకి ఇచ్చే ఆజ్ఞ. అందులో ఉండే బలమంతా రాజ్యాంగం తనకిచ్చిన అధికారమో, కాంగ్రెసు చట్టం చేసి అప్పగించిన అధికారమో అయ్యుండాలి. రాష్ట్ర చట్టాల మీద పైచేయి వేటిదో ఆరో అధికరణం చెబుతుంది: రాజ్యాంగం, దానికి లోబడి చేసిన ఫెడరల్ చట్టాలు, ఒప్పందాలు. ఆ జాబితాలో అధ్యక్షుడి సంతకం లేదు.

ఇంతకీ ఆ ఆర్డరు ఎవరైనా చదివారా? ఒక్క రాష్ట్ర చట్టాన్నయినా రద్దు చేస్తున్నట్టు అందులో లేదు. రాష్ట్రాల మీద దావాలు వెయ్యడానికి ముప్ఫై రోజుల్లో ఒక దళాన్ని పెట్టమని అటార్నీ జనరల్‌కి చెప్పింది. భారమనిపించే చట్టాల జాబితా తొంభై రోజుల్లో రాయమని వాణిజ్య శాఖకి చెప్పింది. కొలరాడో చట్టాన్ని పేరు పెట్టి తిట్టింది. బ్రాడ్‌బ్యాండ్ నిధుల్లో కొంత ఆపుతామని బెదిరించింది. చివర్లో, రాష్ట్ర చట్టాల్ని పక్కకి నెట్టే ఫెడరల్ చట్టం కోసం కాంగ్రెసుకి సిఫారసు తయారు చెయ్యమంది. చట్టం చెయ్యండి మహాప్రభో అని కాంగ్రెసుని అడుగుతున్నాడంటే, అలాంటి చట్టం లేదని ఒప్పుకున్నట్టే కదా!

ఆ కాంగ్రెసు సంగతీ చూద్దాం. రాష్ట్రాలు పదేళ్ళ పాటు ఏఐని నియంత్రించకూడదన్న నిబంధన 2025లో ప్రతినిధుల సభ దాటి సెనేటుకి వచ్చింది. జూలై 1న సెనేటు దాన్ని 99–1 తేడాతో పీకి పారేసింది. ఈ రోజుల్లో వాళ్ళు తొంభై తొమ్మిది మంది కలిసి ఒప్పుకున్న విషయం ఇంకోటి ఉంటే చెప్పండి. డిసెంబరులో రక్షణ బిల్లులో ఇరికించాలని చూశారు, అదీ కుదరలేదు. ఆ తరవాతే ఈ సంతకం.

1952లో ట్రూమన్ కూడా ఇలాగే చేశాడు. కొరియా యుద్ధం మధ్యలో సమ్మె వస్తుందని ఉక్కు కర్మాగారాల్ని ఆర్డరుతో స్వాధీనం చేసుకున్నాడు. అలాంటి అధికారం ఇవ్వడానికి కాంగ్రెసు 1947లోనే నిరాకరించి ఉంది. సుప్రీం కోర్టు 6–3 తో ఆ ఆర్డరు చెల్లదంది. కాంగ్రెసు ఉద్దేశానికి ఎదురెళ్ళినప్పుడే అధ్యక్షుడి బలం అన్నిటికన్నా తక్కువగా ఉంటుందని జస్టిస్ జాక్సన్ అందులోనే రాశాడు.

అంతకన్నా దగ్గరి కేసు మెడెయిన్ వర్సెస్ టెక్సస్. అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పుని రాష్ట్ర కోర్టులు పాటించాలని 2005లో జార్జ్ బుష్ ఒక మెమో రాశాడు. టెక్సస్ పాటించనంది. అధ్యక్షుడి మెమో రాష్ట్రాన్ని కట్టడి చెయ్యలేదని 2008లో సుప్రీం కోర్టు తేల్చింది. టెక్సస్ తరఫున నిలబడి వాదించిన సొలిసిటర్ జనరల్ ఎవరనుకున్నారు? టెడ్ క్రూజ్! 2025లో రాష్ట్రాల ఏఐ చట్టాలకి తాళం వెయ్యాలని సెనేటులో అందరికన్నా గట్టిగా తిరిగినదీ ఆయనే. అప్పటి వాదన కాగితాలు ఆయన అటక మీద ఎక్కడో ఉండే ఉంటాయి.

దావాలతో పనైపోతుందా అంటే అదీ అంత తేలిక కాదు. ఒక రాష్ట్రం చట్టం పక్క రాష్ట్రాల వ్యాపారానికి భారమైనంత మాత్రాన చెల్లకుండా పోదని 2023లో కాలిఫోర్నియా పందిమాంసం కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. నాకు భయమున్నది డబ్బు దగ్గరే. 2021 చట్టంలో బ్రాడ్‌బ్యాండ్‌కి 42.45 బిలియన్ డాలర్లు పెట్టింది కాంగ్రెసు. కాంగ్రెసు పెట్టని షరతుని అధ్యక్షుడు తగిలించకూడదని 2018లో శాన్‌ఫ్రాన్సిస్కో కేసులో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు అంది, నిజమే. కానీ కోర్టుకెళ్ళే ఓపిక లేని చిన్న రాష్ట్రం ముందే తలవంచచ్చు. మా క్లయింటు వంచలేదూ?

2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీలకి లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన వచ్చినప్పుడు, "ఒక్క సంతకంతో ఇంత పని ఎలా చేస్తాడండీ, కాంగ్రెసు లేదా?" అని గుండెలు బాదుకున్నది ఈ గుంపులే. అక్కడైనా 1952 నాటి వలస చట్టంలో ఒక సెక్షను ఉందని ప్రభుత్వం చూపించుకుంది. ఇక్కడ అదీ లేదు. అయినా మన స్టార్టప్పు బాబులకి చప్పట్లు! 1984 ఆగస్టులో గవర్నరు రాంలాల్ ఎన్టీఆర్‌ని దించేస్తే రాష్ట్రమంతా రోడ్డెక్కిందని పిల్లలకి కథలు చెప్పేదీ వీళ్ళే.

"యాభై రాష్ట్రాలు యాభై చట్టాలు చేస్తే కోడు రాసేదెలా?" అంటారు. నేను పాతికేళ్ళుగా రాస్తున్నది అదే కదా బాబూ. సేల్స్ టాక్సు, పేరోలు, అన్నీ రాష్ట్రానికో తీరు. దేశమంతటికీ ఒకే మంచి చట్టముంటే నాకూ సుఖమే, కాంగ్రెసుని చెయ్యమనండి. అది చెయ్యకపోతే ఏమవుతుందో కూడా మనం చూసిందే. మన సమాచారం దొంగల పాలైతే మనకి చెప్పి తీరాలన్న చట్టం 2003లో కాలిఫోర్నియాలో మొదటగా అమల్లోకి వచ్చింది. అప్పుడూ పరిశ్రమ చచ్చిపోతుందన్నారు. 2018కి యాభై రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టాలున్నాయి. అన్ని కంపెనీలకీ వర్తించే ఫెడరల్ చట్టం మాత్రం ఇప్పటికీ లేదు. "మీ సోషల్ సెక్యూరిటీ నంబరు బయటికి పొక్కింది, క్షమించండి" అని కంపెనీల నుంచి మనింటికి ఉత్తరాలొస్తుంటాయి చూడండి, వాటిలో చాలామటుకు ఏదో ఒక రాష్ట్రం రాయించినవే.