ఎర్రచందనానికి కాపలా సరే, దేవాంగపిల్లి మాటేమిటి?

శేషాచలం పేరెత్తితే మనకు గుర్తొచ్చేవి ఎర్రచందనం దుంగలు, స్మగ్లర్లు, 2015 ఏప్రిల్‌లో ఇరవై మంది కూలీల ప్రాణాలు తీసిన కాల్పులు. ఆ చెట్టు వేసవిలో పసుపు పూలు పూస్తుందన్నది ఎవరికీ తోచదు. తూర్పు కనుమల దక్షిణ కొసన తప్ప మరెక్కడా సహజంగా పెరగని చెట్టు అది. 1995 నుంచి దాని ఎగుమతిపై, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కింద ఆంక్షలున్నాయి. అవే కొండల్లో రాత్రిపూట కొమ్మల మీద పురుగులు ఏరుకు తినే దేవాంగపిల్లి ఉంది. పావుకిలోకు అటూఇటూ బరువు, ముఖమంతా కళ్లే. వన్యప్రాణి చట్టం దాన్ని పులితో పాటు మొదటి షెడ్యూల్లో చేర్చింది. అయినా మన ధ్యాసంతా దుంగ ధర వెంటే నడుస్తోంది. అడవి విలువను కలపతో కొలిచే ఈ అలవాటు మారాలి.

చెట్టును కాపాడితే జంతువు దానంతటదే బతుకుతుంది కదా అంటారు. అది సగమే నిజం. ఎర్రచందనం నరికినా మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది, చేవ తేలడానికి దశాబ్దాలు పట్టినా సరే. దేవాంగపిల్లి ఐదున్నర నెలలు మోసి ఒకటో రెండో పిల్లల్ని కంటుంది. పైగా అది కోతిలా దూకలేదు. ఒక కొమ్మ వదలకముందే ఇంకొకటి అందాలి. చెట్ల మధ్య ఎడం వస్తే నేలకు దిగాల్సిందే, దిగితే కుక్కలు, వాహనాలు. దానికి కావలసింది లావైన మానులు కాదు, అల్లుకున్న కొమ్మలు, తీగలు, ముళ్లపొదలు. మానుల లెక్క సరిపోయినా పొదలు కాలిపోయిన చోట అది బతకదు. వరుసల్లో నాటిన ఎర్రచందనం తోట అడవి కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కోట్లు పలికే చెట్టుకు ముందు కాపలా పెట్టడం తప్పా? కాదు, గొడ్డలి ఆగకపోతే ఆ చెట్టే మిగలదు. కానీ రాత్రి గస్తీ సిబ్బంది ఎలాగూ అడవిలోనే ఉంటారు. టార్చి వెలుగులో దేవాంగపిల్లి కళ్లు నిప్పుకణికల్లా మెరుస్తాయి. కనబడిన చోటు, తేదీ రాసుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు. తమిళనాడు 2022లో కరూర్, దిండిగల్ జిల్లాల్లో 11,806 హెక్టార్లను దేవాంగపిల్లుల కోసమే అభయారణ్యంగా ప్రకటించింది. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. ఆ హోదా ఒక్క కలపకు ఇచ్చింది కాదు. పట్టుబడిన దుంగల లెక్క చెప్పే అటవీశాఖ, కొమ్మల మీద కనబడిన దేవాంగపిల్లుల లెక్క కూడా ఏటా ప్రజల ముందు పెట్టాలి.