ఎవరి ఇల్లు ఎవరు గుంజుకున్నారు?

మొన్న జుమా నమాజు అయ్యాక ఖాలా ఇంటికి పోయాను. షాహీన్‌నగర్‌లో కిరాయికి ఒక గది, ఒక వంటిల్లు. నాలుగు కుటుంబాలకు కలిపి ఒకటే బాత్‌రూం. చాయ్ గ్లాసు చేతికిచ్చి, ఖాలా తన ఫోన్ నా ముందు పెట్టింది. ఎవరో పంపిన వాట్సాప్ వీడియో. కొత్తగా రంగులు వేసిన ఫ్లాట్లు, వెనుక ఆవేశంగా ఒక గొంతు. బర్మా వాళ్లకు సర్కారు ఫ్లాట్లు ఇస్తోందని దాని సారాంశం.

"హమ్‌కు నై, ఉనోకు దేరే కతే!" అంది ఖాలా. మాకు లేదు, వాళ్లకు ఇస్తున్నారట.

దక్కనీలో ఆ 'కతే' అన్నా, తెలుగులో 'అట' అన్నా ఒకటే. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని అడగాల్సిన పని లేకుండా చేస్తుంది.

ఖాలా డబుల్ బెడ్‌రూం ఇంటికి దరఖాస్తు పెట్టి ఏళ్లయింది. లాటరీలో పేరు రాలేదు. తర్వాత ప్రజాపాలన వచ్చినప్పుడు మళ్లీ క్యూలో నిలబడి ఇందిరమ్మ ఇంటికి ఇంకో ఫారం నింపింది. రెండు రసీదులూ ప్లాస్టిక్ కవరులో చుట్టి, ట్రంకు పెట్టెలో రేషన్ కార్డు పక్కన దాచుకుంది. ఖాలూ పోయాక కుట్టు మిషను మీద ఇల్లు నడిపిన మనిషి. ఆమె కోపాన్ని నేను జహాలత్ అని కొట్టిపారెయ్యలేను.

అయినా ఊరుకోలేక, ఆ రోజు ఖుత్బాలో విన్న మాటే ఎత్తాను. మక్కా నుంచి కట్టుబట్టలతో వచ్చిన ముహాజిర్లకు మదీనా అన్సార్లు ఇళ్లలో చోటిచ్చారు కదా ఖాలా, అన్నాను.

ఆమె మిషను మీద నుంచి తల ఎత్తకుండా అంది: "మదీనాలో అన్సార్లకు ఇళ్లున్నాయి బేటా. నాకేదీ?"

చాయ్ చల్లారిపోయింది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆ వీడియో సంగతి. దాని మూలం ఒక్క రోజు ముచ్చట. 2022 ఆగస్టు 17న కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల మంత్రి హర్‌దీప్ సింగ్ పురీ ఒక ట్వీట్ చేశారు. ఢిల్లీలోని రోహింగ్యా శరణార్థులను బక్కర్‌వాలాలో పేదల కోసం కట్టిన ఈడబ్ల్యూఎస్ ఫ్లాట్లలోకి మారుస్తామని, కనీస సౌకర్యాలు, పోలీసు రక్షణ ఉంటాయని ప్రకటించారు. దేశంలో ఆశ్రయం కోరి వచ్చిన వాళ్లను భారత్ ఎప్పుడూ ఆదరించిందని కూడా రాశారు. విశ్వహిందూ పరిషత్ వెంటనే అభ్యంతరం చెప్పింది. అదే రోజు కేంద్ర హోంశాఖ వేరే మాట చెప్పింది. అలాంటి ఆదేశాలేవీ ఇవ్వలేదంది. వాళ్లు మదన్‌పూర్ ఖాదర్‌లో ఉన్నచోటే ఉండాలని, ఆ చోటును డిటెన్షన్ సెంటర్‌గా ప్రకటించాలని ఢిల్లీ ప్రభుత్వానికి చెప్పామంది. ఇది మా నిర్ణయం కాదంటే మా నిర్ణయం కాదని కేంద్రం, ఢిల్లీ సర్కారు ఒకరి మీద ఒకరు నెట్టుకున్నాయి.

పొద్దున ఫ్లాటు, సాయంత్రానికి డిటెన్షన్ సెంటరు. మదన్‌పూర్ ఖాదర్‌లో వాళ్ల గుడిసెలు 2021 జూన్‌లో కాలి బూడిదయ్యాయి. ఆ బూడిద నుంచి ఫ్లాటుదాకా పోయే దారి ఒక్క పూట తెరుచుకుని మూసుకుపోయింది. ఒక్క కుటుంబానికి కూడా తాళంచెవి అందలేదు. కానీ ఆ ఫ్లాటు మాత్రం ఫోన్ నుంచి ఫోన్‌కు మారుతూ షాహీన్‌నగర్‌లో మా ఖాలా దాకా వచ్చింది.

మరి ఖాలా ఇంటికి కూతవేటు దూరంలో, బాలాపూర్‌లో, రోహింగ్యాలు ఎలా ఉన్నారు? రిపోర్టింగ్ పని మీద ఆ బస్తీలకు చాలాసార్లు పోయాను. ప్రైవేటు ఖాళీ ప్లాట్లలో వెదురు బొంగులు, టార్పాలిన్లు, పాత ఫ్లెక్సీలు. ఆ జాగాకు వాళ్లు కిరాయి కడతారు. కిరాయి తీసుకునేది మన లోకల్ మాలికులే. సర్కారు సొమ్ము వాళ్ల చేతికి పోవడం అటుంచి, చెత్త ఏరి, కూలి చేసి వాళ్లు సంపాదించిన సొమ్మే మన వాళ్ల జేబుల్లోకి వస్తోంది. మైకుల్లో అన్సార్ల ఖిస్సాలు చెప్పుకునే మన బిరాదరీ ఈ లెక్క కూడా ఒకసారి చూసుకోవాలి.

పోనీ కాగితం మీద చూద్దాం. డబుల్ బెడ్‌రూం ఇంటికి రేషన్ కార్డు కావాలి, ఇక్కడి ఓటరై ఉండాలి. రోహింగ్యా దగ్గర ఉన్నది ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు. 1982లో బర్మా తెచ్చిన పౌరసత్వ చట్టం వాళ్లను సొంత గడ్డ మీదే పరాయివాళ్లను చేసింది. 1951 శరణార్థి ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు. అంటే ఖాలా నిలబడ్డ క్యూలో వాళ్లు ఆమె ముందు లేరు, వెనక లేరు. అసలు క్యూలోనే లేరు.

అయితే క్యూ ఎందుకు కదలడం లేదు? 2015లో సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లతో ఈ పథకం మొదలైంది. హైదరాబాద్ మహానగరానికి లక్ష ఇళ్లు లక్ష్యమన్నారు. దరఖాస్తులు దానికి ఎన్నో రెట్లు వచ్చాయి. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 ఇళ్లు ప్రారంభించారు. మంచి ఇళ్లు, కాదనను. కానీ పాతబస్తీలో కుట్టుపని చేసుకునే మనిషికి కొల్లూరు ఊరి ఆ చివర. రోజూ రానూపోనూ బస్సులోనే బతకాలి. దేశం మొత్తం తీసుకుంటే, 2012లో కేంద్రం వేసిన నిపుణుల బృందం పట్టణాల్లో 1 కోటి 87 లక్షలకు పైగా ఇళ్ల కొరత ఉందని తేల్చింది. దాదాపు అంతా పేదల, తక్కువ ఆదాయం వాళ్ల కొరతే. ఇంకో విచిత్రం చూడండి. లాక్‌డౌన్‌లో వలస కూలీలు రోడ్ల మీద నడిచిపోయాక, 2020 జూలైలో కేంద్రం కిరాయి ఇళ్ల పథకం ఒకటి తెచ్చింది. సర్కారు డబ్బుతో కట్టి ఖాళీగా పడున్న 1 లక్షా 8 వేల ఇళ్లను అందులో వాడతామంది. ఒకపక్క కోట్లలో కొరత, ఇంకోపక్క లక్షకు పైగా ఇళ్లకు తాళాలు! ఆ తాళాలు రోహింగ్యాలు వేయలేదు.

ఇప్పుడు ఎదుటి పక్షం మాట. "మా పన్నుల సొమ్ముతో కట్టిన ఇల్లు ముందు మా పౌరులకే ఇవ్వాలి. బయట నుంచి వచ్చినవాళ్లకు ఇస్తే రేపు ఇంకా వస్తారు" అంటారు. ఇందులో సగం మాట న్యాయమైనదే. పట్టా రాసిచ్చి, పిల్లలకు వారసత్వంగా పోయే ఇల్లు ముందు ఏళ్లుగా ఎదురుచూస్తున్న పౌరులకే పోవాలి. ఖాలాను దాటి ఇంకొకరికి ఆ ఇల్లు ఇస్తామంటే నేను కూడా ఒప్పుకోను. వచ్చినవాళ్లు కలిమా చదివేవాళ్లైనా సరే. ముసల్మాన్లు కాబట్టి ఇవ్వాలనడం, ముసల్మాన్లు కాబట్టి ఇవ్వకూడదనడం - రెండూ ఒకే తక్కెడలో తూగే మాటలు. నేను ఆ తక్కెడ ముట్టను.

కానీ పట్టా వేరు, పనాహ్ వేరు. రాత్రి పడుకుంటే కాలిపోని కప్పు, తాగే నీళ్లు, ఆడపిల్ల భయపడకుండా పోగలిగే మరుగుదొడ్డి - ఇవి పౌరసత్వానికి ఇనాములు కావు. మన రాజ్యాంగం 21వ అధికరణం 'పౌరుడు' అనలేదు, 'వ్యక్తి' అంది. 2021 ఏప్రిల్‌లో రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు వాళ్లకు అనుకూలంగా తీర్పు ఇవ్వలేదు. చట్టప్రకారం పద్ధతి పాటించి వెనక్కి పంపొచ్చంది. ఆ ఉత్తర్వులో కూడా 14, 21 అధికరణాలు పౌరులు కానివాళ్లకూ వర్తిస్తాయని ఒప్పుకుంది. పంపేదాకా అయినా మనిషి మనిషిలా ఉండాలి కదా.

పౌరులు కానివాళ్లకు ఇల్లు కట్టివ్వడం ఈ దేశంలో ఎన్నడూ జరగనిదేమీ కాదు. 1960ల మొదట్లో టిబెటన్ల కోసం మైసూరు రాష్ట్రం బైలకుప్పెలో భూమి ఇచ్చింది. 2021 నవంబరులో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ వేలూరులో, క్యాంపుల్లో ఉన్న శ్రీలంక తమిళుల కోసం 3,510 ఇళ్లకు పునాదిరాయి వేశారు. అప్పుడు తమిళనాడు పేదవాడి నోటికాడి కూడు పోయిందని దేశం గగ్గోలు పెట్టలేదు. అక్కడ ఇల్లు కట్టారు, ఇక్కడ డిటెన్షన్ సెంటర్ బోర్డు పెట్టమన్నారు. తేడా ఎక్కడుందో చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

అసలు బర్మా మనకు అంత పరాయిదా? రంగూన్ రేవులో మూటలు మోసింది మన తెలుగువాళ్లే. 1962లో నె విన్ సైనిక పాలన వచ్చాక దుకాణాలు, కొలువులు పోగొట్టుకుని వేలమంది ఓడలెక్కి తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. వాళ్లను మన ఊళ్లలో కాందిశీకులన్నారు. వాళ్లు మన మూలాల వాళ్లు, వాళ్ల హక్కు వేరు, ఒప్పుకుంటాను. కానీ సర్వం పోయి వచ్చిన మనిషికి ముందు నిలువనీడ కావాలన్న ఇంగితం ఆనాటి సర్కారుకు ఉంది. అంతెందుకు, ఖాలా ఇంటికి పోయే దారిలో బార్కస్ లేదూ? నిజాం సైన్యంలోకి వచ్చిన యమన్ అరబ్బులు ఉన్న బ్యారక్‌లే ఇప్పటి బార్కస్. ఇవాళ అక్కడ జామకాయలు కొనుక్కునేవాళ్లు ఎవరైనా వాళ్లను బయటివాళ్లంటారా?

చివరగా ఖాలా కొడుకు సంగతి. వాడు చదువుకని బ్రిటన్ పోయాడు. ఇప్పుడు వృద్ధుల కేర్ హోంలో నైట్ షిఫ్టులు చేస్తున్నాడు. ఐదుగురు కలిసి ఒక ఇంట్లో ఉంటారు. జీతంలో పన్ను కడతాడు, వీసాతోపాటే ఆరోగ్య సర్‌చార్జీ కట్టాడు. వాడి వీసా మీద 'ప్రభుత్వ నిధులకు అర్హత లేదు' అనే షరతు ఉంది. అంటే కౌన్సిల్ ఇంటికి, ఇంటి కిరాయి సాయానికి దరఖాస్తు కూడా పెట్టలేడు. అయినా అక్కడ ఎన్నికలొస్తే చాలు, మా కౌన్సిల్ ఇళ్లన్నీ వలసవచ్చినవాళ్లు తినేస్తున్నారని గోల. 2009లో అక్కడి సమానత్వ, మానవ హక్కుల కమిషన్ లెక్కలు తీయిస్తే, సామాజిక గృహాల్లో ఉంటున్నవాళ్లలో గత ఐదేళ్లలో వచ్చినవాళ్లు 2 శాతం కన్నా తక్కువని తేలింది. ఇళ్లు ఎటు పోయాయి మరి? 1980 చట్టంతో కౌన్సిల్ ఇళ్లను అందులో ఉన్నవాళ్లకే తక్కువ ధరకు అమ్మేశారు, లక్షల్లో. పోయినన్ని తిరిగి కట్టలేదు. అమ్మింది సర్కారు, బద్నామ్ అయ్యింది వలసదారు.

ఇది ఖాలాకు చెప్తే మండిపడింది. "మా వాడు అక్కడ వాళ్ల ముసలివాళ్లకు సేవ చేస్తాడు, టాక్సు కడతాడు. వాడు ఎవరి ఇల్లు గుంజుకున్నాడు?" అంది. నేనేమీ అనలేదు. ఆమే కాసేపు మిషను ఆపి, కిటికీలోంచి బాలాపూర్ దిక్కు చూసింది. తర్వాత "వాళ్లు కూడా కిరాయి కడతారా?" అని అడిగింది. కడతారన్నాను.

ఖాలా ప్రశ్నకు నా జవాబు ఇదీ. ఇల్లు లేని మనిషిని అన్సార్ కమ్మని అడగడం జుల్మ్. అన్సార్ కావాల్సింది ఇళ్లున్నవాళ్లు. అందరికన్నా ఎక్కువ ఇళ్లు, ఎక్కువ జాగా ఉన్నది సర్కారుకు. కట్టి తాళం వేసిన ఇళ్ల లెక్క బస్తీల వారీగా బయటపెట్టాలి. ఎవరి దరఖాస్తు ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో గోడకు అతికించాలి. అప్పుడు 'కతే' అనే మాటకు చోటుండదు. పని దొరికే చోటికి దగ్గరగా, పట్టాతో సంబంధం లేకుండా తక్కువ కిరాయి ఇళ్లు కట్టాలి. అవి వనపర్తి నుంచి వచ్చిన కూలీకీ, బీహార్ నుంచి వచ్చిన మేస్త్రీకీ కూడా పనికొస్తాయి. బాలాపూర్ గుడిసెలకు నీళ్లు, మరుగుదొడ్లు, అగ్గి అంటుకుంటే ఫైరింజన్ పోయే దారి - వీటికి ఏ ఖాలా ఇల్లూ తగ్గదు.

ఇద్దరు బేఘర్ మనుషులు ఒకరి మీద ఒకరు పళ్లు కొరుకుతుంటే, తాళంచెవుల గుత్తి ఉన్నవాణ్ని ఎవరూ అడగరు. ఈ బహస్ అంతా ఎవరికి లాభమో అక్కడ వెతకాలి.

లేచి వస్తుంటే ఖాలా ఆ ప్లాస్టిక్ కవరు తీసి నా చేతిలో పెట్టింది. "నంబరు రాసుకో బేటా, ఆన్‌లైన్లో చూడు ఎక్కడిదాకా వచ్చిందో" అంది. రాసుకున్నాను. ఆ రాత్రి చూశాను. పరిశీలనలో ఉంది అని చూపిస్తోంది.