పెక్కండ్రు ఏమైనారు?

ఛాంబర్ ఆఫ్ కామర్స్ అన్న మాటను మన పత్రికలవారు వాణిజ్య మండలి అనీ, వర్తక సంఘం అనీ రెండు విధాలుగా వ్రాస్తున్నారు. రెండూ తప్పు కావు. కానీ కాకతీయుల కాలపు శాసనాలలో ఇంతకంటె చక్కని మాట ఒకటున్నది. వేర్వేరు ఊళ్ళవారూ, వేర్వేరు సరుకులవారూ కలిసి ఏర్పరచుకున్న వర్తక సమూహాన్ని ఆ శాసనాలు "పెక్కండ్రు" అంటాయి. పెక్కుమంది అని అర్థం. ఆ మాటలో భవనం లేదు, అధ్యక్షుని కుర్చీ లేదు, రిబ్బను కత్తిరించే మంత్రిగారు లేరు. మనుషులు మాత్రమే ఉన్నారు. నేటి వర్తక సంఘాల సన్మానసభల ఫొటోలు పత్రికలలో చూచినప్పుడల్లా ఆ పెక్కండ్రు ఏమైనారా అని నాకు సందేహం కలుగుతుంది.

చీరాలకు చేరువలోని మోటుపల్లిలో గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన అభయశాసనం గురించి మిత్రులు చాలామంది చదివే ఉంటారు. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకును పూర్వపు రాజులు లాగివేసుకునేవారనీ, తాను మాత్రం నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ ముట్టననీ చక్రవర్తి అందులో మాట ఇచ్చాడు. ఎగుమతి దిగుమతులమీద సుంకం ముప్పదింట ఒక వంతు. తరువాత 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో అటువంటి అభయాన్నే మళ్ళీ ప్రకటించాడు. వర్తకుడికి రాయితీలకంటె ముందు కావలసినది నమ్మదగిన మాట అని ఆనాటి ప్రభువులకు తెలుసు. అయితే ఒంటరిగా వచ్చిన ఓడ యజమాని అడిగితే ఏ చక్రవర్తీ రాతిమీద అక్షరాలు చెక్కించడు. వెనుక పెక్కుమంది ఉండి ఉంటారని నా ఊహ.

ఆంగ్లేయుల కాలానికి వస్తే కథ మారింది. మద్రాసు ఛాంబర్ 1836లో పుట్టింది, కాకినాడ ఛాంబర్ 1868లో. రెండూ దొరల కంపెనీల సంఘాలే. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధంతో అక్కడి పత్తి ఆగిపోయి, ఇంగ్లండు మిల్లులు మన దేశపు పత్తికోసం ఎగబడిన కాలం అది. మా గుంటూరు సీమ నల్లరేగళ్ళలో పండిన పత్తి కాకినాడ రేవులో ఓడలెక్కి, విదేశీ విపణిలో "కొకనాడా" అన్న పేరుతో చెలామణీ అయింది. పంట మనది, పేరు రేవుది, సంఘం దొరలది! ఆ సంఘాలలో మన వర్తకుడి మాటకు విలువ లేకపోబట్టే 1909లో మద్రాసులో సదరన్ ఇండియా ఛాంబర్ వెలిసింది. దాని తొలి అధ్యక్షుడు మన తెలుగువాడైన పిట్టి త్యాగరాయ చెట్టిగారు. అదీ చాలక 1928లో అదే పట్టణంలో ఆంధ్రా ఛాంబర్ ఏర్పడింది. ఉన్న సంఘంలో తన గొంతు వినిపించనివాడు బయటికి వచ్చి మరొకటి పెట్టుకోవడమే ఈ చరిత్రంతా. మరి ఇప్పుడు గొంతు వినిపించనివాడు ఎవడు?

నాకు తెలిసినవాడు ఒకడున్నాడు. మా తాడేపల్లిలోనే ఇనుప గ్రిల్లులు, కిటికీలు, గేట్లు తయారుచేస్తాడు. ఒకప్పుడు నా దగ్గర ఛందస్సు నేర్చుకోలేక నానా అవస్థలూ పడినవాడు. (గణవిభజన రానివాడు బ్రతకలేడని ఏమీ లేదు. నలుగురికి జీతాలిస్తున్నాడు.) ఒక పెద్ద నిర్మాణ సంస్థకు సరుకు వేశాడు. ఎనిమిది నెలలైనా బిల్లు రాలేదు. వారిచ్చిన కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయని చదివించుకోవడానికి నా దగ్గరకు తెచ్చాడు. తెలుగు పండితుణ్ణి వెతుక్కుంటూ ఇంగ్లీషు కాగితాలతో రావడంలోనే తెలుస్తున్నది, వాడికి మరో దిక్కు లేదని.

నిజానికి చట్టం వాడి పక్షానే ఉన్నది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలవారి దగ్గర సరుకు కొన్నవారు, వ్రాతపూర్వకమైన గడువు లేకపోతే 15 రోజులలో, ఉన్నా 45 రోజులకు మించకుండా సొమ్ము చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతున్నది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. ఫిర్యాదు వినడానికి ప్రత్యేక మండలి ఉన్నది. ఇదంతా వాడికి వివరించి, ఫిర్యాదు నేనే వ్రాసిపెడతానన్నాను.

"వద్దు మాస్టారూ. కాగితం పెడితే ఈ డబ్బు వస్తుందేమో గానీ, మళ్ళీ ఆర్డరు రాదండీ" అన్నాడు.

ఆ ఒక్క వాక్యంలో వర్తక సంఘం అన్నది ఎందుకుండాలో పూర్తిగా ఉన్నది. పేరు బయటపెట్టి అడగలేనివాడి తరఫున, వాడి పేరు బయటపెట్టకుండా అడగడమే సంఘం చేయవలసిన మొదటి పని. "మా సభ్యులలో ఇంతమందికి మీరు ఇంత బాకీ ఉన్నారు" అని సంఘం అధ్యక్షుడు సంతకం చేసి ఒక ఉత్తరం పంపితే చాలు. ఫలానావాడు ఎదురు తిరిగాడని ఏ కంపెనీ గుర్తుపట్టగలదు? ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. అయినా ఈ పని జరగదు. బాకీ పడ్డ పెద్దమనుషులే తరచుగా సంఘానికి పోషకులు, వార్షికోత్సవానికి పందిరి ఖర్చు భరించేవారు కాబట్టి.

మా ఊరికి మరొక చిక్కున్నది. కృష్ణకు ఆవలి ఒడ్డున బెజవాడ, ఇటు రమారమి ముప్పై కిలోమీటర్లలో గుంటూరు. 2009లో పురపాలక సంఘమై, 2021లో మంగళగిరితో కలిసి నగరపాలక సంస్థ అయింది. హోదాలు పెరిగాయి. మా చిన్న వర్తకుడు మాత్రం నేటికీ సలహా కావాలంటే వంతెన దాటవలసిందే. పెద్ద పట్టణపు సంఘంలో చేరినా వెనుక వరుసలో కూర్చుంటాడు.

సంఘం ప్రభుత్వాన్ని నిలదీయడమే కాదు, తనవాళ్ళను కూడా నిలదీయాలి. ఇది చెప్పకపోతే నా వాదం ఏకపక్షమవుతుంది. 2003లో ఫ్రాన్సులో, భారతదేశం నుంచి వెళ్ళిన మిరపపొడిలో సుడాన్-1 అనే నిషిద్ధమైన రంగు బయటపడింది. 2005లో బ్రిటన్‌లో అదే రంగు కలిసిన సరుకు ఉన్నదని నాలుగు వందలకు పైగా ఆహారపదార్థాలను దుకాణాలనుంచి వెనక్కి తీసుకున్నారు. కల్తీ చేసినది ఎక్కడివారైనా, మిరప అనగానే లోకానికి గుర్తుకు వచ్చేది గుంటూరే గదా! ఆరుగాలం కష్టపడి పండించి, కాయను కళ్ళంలో ఎండబెట్టి, తాలు ఏరి, యార్డుకు టిక్కీలు తోలుకువచ్చే రైతుకు ఆ రంగుతో ఏ సంబంధమూ లేదు. ఆ మచ్చ మాత్రం అతని కాయమీద కూడా పడుతుంది. కల్తీ చేసిన సభ్యుణ్ణి బయటికి పంపే ధైర్యం సంఘానికి ఉండాలి. పన్ను పెరిగినప్పుడు ఒక్కరోజు దుకాణాలు మూయించడం ఇంతకంటె చాలా తేలిక.

పశ్చిమ దేశాల సంగతి కొంచెం చెబుతాను. వర్తక సంఘాలలో మొట్టమొదటిదని చెప్పుకునేది ఫ్రాన్సులోని మార్సెయ్ నగరానిది, 1599 నాటిది. జర్మనీలో అయితే ప్రతి వ్యాపారసంస్థా తన ప్రాంతపు ఛాంబర్‌లో చట్టరీత్యా సభ్యురాలు కావలసిందే. దీనిమీద అక్కడా విసుక్కునేవారున్నారు. కానీ దుకాణాలలో, కర్మాగారాలలో పని నేర్చుకునే కుర్రవాళ్ళకు పరీక్షలు పెట్టి పట్టాలిచ్చేది ఆ ఛాంబర్లే. బడిపంతులుగా బ్రతికినవాణ్ణి గనుక నాకు ఇది విన్నప్పుడు అసూయ కలిగింది. మా గ్రిల్లుల షెడ్డులో మూడేళ్ళు వెల్డింగు నేర్చిన కుర్రవాడి చేతిలో, వాడికి ఆ పని వచ్చని చెప్పే కాగితం ముక్క ఒక్కటి లేదు. చట్టబద్ధమైన నిర్బంధ సభ్యత్వం మనకు పనికిరాదనే నా అభిప్రాయం. అది మరొక లైసెన్సుగా మారిపోతుంది. పట్టా ఇచ్చే పని మాత్రం రేపే మొదలుపెట్టవచ్చు.

ఇక భాష. 2017 జులైలో వస్తు సేవల పన్ను వచ్చింది. మావాడు నాకు చూపిన నోటీసులన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. వాటిని విప్పి చెప్పేవాడికి వీడు నెలనెలా రుసుము కడుతున్నాడు. రాజు తన మాటను రాతిమీద చెక్కించిన నాడు దానిని చదివి చెప్పేవాడు రేవులోనే ఉండేవాడు గదా. ప్రతి కొత్త నిబంధననూ ఒక పుటలో, మంచి తెలుగులో వ్రాసి దుకాణాలకు పంచడం ఏ సంఘమైనా చేయగల పని. మా ఊళ్ళో విశ్రాంత ఉపాధ్యాయులకు కొదవలేదు. కాఫీ ఇస్తే ఉచితంగానే వ్రాసిపెడతాం.

మచ్చుకు ఒకటి నేను మొదలుపెట్టాను. "ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్" అన్నదానికి "కొనుగోలు పన్ను జమ" అని వ్రాసి మావాడికి చూపితే, "అంటే సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను, అమ్మినప్పుడు కట్టేదాంట్లో తగ్గించుకోవడమేగా మాస్టారూ" అన్నాడు. "రివర్స్ చార్జ్" దగ్గర మాత్రం ఆగిపోయాను. అమ్మినవాడికి బదులు కొన్నవాడే పన్ను కట్టే పద్ధతి అది. "ఎదురు సుంకం" అంటే మన "ఎదురు కట్నం" గుర్తుకు వచ్చి నవ్వు వస్తున్నది. మిత్రులకు ఇంతకంటె మంచి మాట తోస్తే చెప్పగలరు.