అడగడానికి మొహమాటం వద్దు

రచన ఇచ్చేటప్పుడు పారితోషికం సంగతి ఎత్తడం మనకు ఇప్పటికీ మొహమాటమే. ఫ్రీలాన్సుగా రాసేవాళ్లు, అనువాదకులు, ఎడిటర్లు మొదట వదిలించుకోవలసింది దాన్నే.

పెద్ద ఒప్పంద పత్రాలేవీ అక్కర్లేదు. ఫోన్లో మాట్లాడుకున్న రోజే ఒక మెయిల్ పెట్టండి: పని ఏమిటి, ఎప్పటికి ఇస్తారు, రేటెంత, డబ్బు ఎన్ని రోజుల్లో రావాలి, ఏ హక్కులు ఇస్తున్నారు. ‘సరే’ అని జవాబు వచ్చాకే పని మొదలుపెట్టండి.

హక్కుల దగ్గర మరీ జాగ్రత్త. 1957 నాటి కాపీరైట్ చట్టం రచయిత పక్షానే ఉంది. పత్రికలో ఉద్యోగి కానివారు రాసిన వ్యాసానికి, వేరే ఒప్పందం లేకపోతే, హక్కుదారు రాసినవారే. ఆ హక్కును బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో చేయాలి. అందులో గడువు రాయకపోతే అది అయిదేళ్లకే చెల్లుతుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే. ‘సర్వహక్కులూ’ అన్న మాట కనబడితే ఆగండి. ఆడియో, ఈ-బుక్, వెబ్ సిరీస్, సినిమా అన్నీ అందులోకి వస్తాయి. అచ్చు హక్కు మాత్రమే ఇస్తున్నామని రాయించుకోవచ్చు.

ఎడిటర్లకు ఇంకో చిక్కు. పేజీకి ఇంతని ఒప్పుకుంటాం. తీరా చూస్తే వచ్చింది పాత అను ఫాంట్ల ఫైలు. యూనికోడ్‌లోకి మార్చగానే ఒత్తులు చెదిరిపోతాయి, రెండు మాటలు ఒకటిగా అతుక్కుంటాయి. వాక్యం సంగతి చూడకముందే, అక్షరాలు కూడబలుక్కోవడంలో పూట గడిచిపోతుంది. అది వేరే పని, దానికి వేరే రేటు. అచ్చుతప్పులు దిద్దడం, వాక్యాలు తిరగరాయడం కూడా ఒకటి కాదు. అందుకే పుస్తకం మధ్యలోంచి పది పేజీలు తెప్పించుకుని, అవి దిద్ది చూశాకే రేటు చెప్పండి. ప్రూఫులు ఎన్ని విడతలో కూడా అప్పుడే తేల్చుకోండి.

పన్ను సంగతి. 2025 ఏప్రిల్ నుంచి ఒక సంస్థ మీకు ఏడాదిలో ఇచ్చే ఫీజు 50 వేల రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ కోస్తుంది. అంతకుముందు ఆ పరిమితి 30 వేలు. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే, రిటర్ను వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. కోసిన సంస్థ దాన్ని మీ పాన్ మీద జమ చేసిందో లేదో చూసుకోండి.

సంపాదకులకూ ప్రచురణకర్తలకూ ఒక విన్నపం. ఎంత ఇస్తారో, ఎప్పుడు ఇస్తారో మీరే ముందుగా చెప్పండి. రాసినవాళ్లు అడిగేదాకా ఆగకండి.